చక్రాల యింటిలో చలిరాత్రులు

మన తెలుగుదేశమున చలికాలమనగా ఎంతటిది? మార్గశిరమున తెల్లవారుజామున ఒక శాలువ కప్పుకొని ముంగిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుదుము. భోగినాడు మంట వేసి చేతులు కాచుకొందుము. ప్రొద్దు బారెడెక్కునప్పటికి ఆ చలిమాటయే మరచిపోవుదుము. మన్యములోని లంబసింగివంటి చోట్లను విడిచినచో, నీరు గడ్డకట్టు చలి యెట్లుండునో మనలో పెక్కుమందికి తెలియదు. మేమును కృష్ణాతీరమున పుట్టి పెరిగినవారమే. అట్టి మేము రెండేండ్ల క్రిందట డిసెంబరు మాసమున, అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, సముద్రమట్టమునకు ఇంచుమించు 7000 అడుగుల యెత్తున, చక్రములపై నిలిచిన యొక యింటిలో మూడు రాత్రులు గడపితిమి. అచ్చట చూచిన వింతలకంటె, వెచ్చగా నుండుటకై మేము పడిన పాట్లును చేసిన పొరపాట్లును సోదరీమణులకు ఎక్కువగా ఉపయోగపడునని తోచి యిది వ్రాయుచున్నాము.

మా అమ్మాయియు అల్లుడుగారును ఫీనిక్సు నగరమున కాపురమున్నారు. మనుమని చూచుటకై మేమిద్దరమును అక్కడికి వెళ్ళియుంటిమి. గ్రాండ్ కాన్యన్ అను మహాలోయను చూపకుండ మమ్ము తిరిగి పంపుటకు వారికి మనసొప్పలేదు. కాని తొమ్మిది నెలల పసివానితో ప్రయాణము. వానికి వేళకు పాలు కాయవలెను, ఉగ్గు కలుపవలెను, గుడ్డలు మార్చవలెను. మావారు శాకాహారులు, పైగా మధుమేహము వలన వేళ తప్పకుండ భోజనము చేయవలసినవారు. హోటళ్ళలో దిగినచో ఇవి యన్నియు చిక్కులే. అందుచే అల్లుడుగారు ఆలోచించి, ఆ దేశమువారు మోటారు హోమ్ అని పిలుచు మోటారు ఇంటిని నాలుగు దినములకు అద్దెకు తెచ్చిరి.

ఆ బండి పొడవు 24 అడుగులు. లోపల అడుగు పెట్టినంతనే ఒక చిన్న వంటయిల్లు. రెండు గ్యాసు పొయ్యిలు, తొట్టి, దానికొక కొళాయి, దాని ప్రక్కనే శీతలపెట్టె. ఎదుట మడచిన బల్ల యుండును. దానిని దించినచో మంచమగును. డ్రైవరు తలపైన ఒక పడక, వెనుక నొక పడక, నడుమ స్నానపుగది. నేలక్రింద మూడు తొట్లున్నవి. ఒకటి మంచినీటికి, ఒకటి వంటయింటి వాడుకనీటికి, మూడవది మరుగుదొడ్డికి. వీనినన్నిటిని కలుపు నీటిగొట్టములు నేలక్రిందను గోడల వెంబడిని పోవుచుండును. వీని సంగతి ఆనాడు మేము పట్టించుకొనలేదు. పట్టించుకొనవలసి వచ్చినది తరువాత.

వెచ్చదనమునకై ఆ బండిలో ఒక గ్యాసు ఫర్నేసు ఉన్నది. దాని గాలిని బయటినుండియే తీసికొని, మంట పొగను బయటికే విడిచి, వేడిగాలిని మాత్రము గొట్టములద్వారా లోపలికి ఊదును. గోడపై నుండు థర్మోస్టాటు అను చిన్నపెట్టె గదిలోని వేడిని కనిపెట్టి, తగ్గినప్పుడు దానిని వెలిగించును, చాలినప్పుడు ఆర్పును. కాని వెలిగినప్పుడెల్ల దాని పంకా గొప్ప హోరు చేయును. పసివాడు ఉలికిపడి లేచునని మా అమ్మాయి భయపడెను. గ్యాసు నడిరాత్రి అయిపోయినచో ఏమి గతి యని మావారు సందేహించిరి. అల్లుడుగారికి వేరొక ఆలోచన కలిగెను. మేము దిగబోవు చోట దినపు అద్దెలోనే కరెంటు కలిసి యున్నది. గ్యాసు మాత్రము మన డబ్బు. కాబట్టి వారు విద్యుత్తుతో పనిచేయు రెండు హీటర్లను కొని తెచ్చిరి. ఒకటి పంకాతో వేడిగాలిని విసరునది. రెండవది నూనె నింపిన రేకులు గలది. మెల్లగా కాగి, మెల్లగా చల్లారును. రెండింటిపైనను 1500 వాట్లని వ్రాసి యుండెను. మంట లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఇంతకంటె ఏమి కావలెనని మేమందరమును సంతోషించితిమి.

ఫీనిక్సు సముద్రమట్టమునకు 1100 అడుగుల యెత్తుననే యున్నది. అచ్చట డిసెంబరులో పగలు మన యింటి ముంగిటి చలికాలమువలె హాయిగా నుండెను. ఊరు దాటినంతనే దారికి ఇరుప్రక్కలను సగ్వారో అను మహాకాయములైన జెముడుచెట్లు చేతులు పైకెత్తి నిలుచుండినవి. బండి కొండ నెక్కుచున్నకొలదియు ఆ చెట్లు పలుచబడి, ఒక చోట బొత్తిగా కానరాకపోయెను. దీర్ఘకాలము నీరు గడ్డకట్టు చలి నవి ఓర్వలేవట. లోన నీరు నిండిన చెట్టు గడ్డకట్టినచో బ్రతుకదు. ఈ మాట అల్లుడుగారు చెప్పగా విని ఊరకుంటిమి. ఆ చెట్టు తెలిసికొన్న సంగతిని మేము మరునాటి ఉదయమునగాని తెలిసికొనలేదు.

ఇంచుమించు 145 మైళ్ళు పోవునప్పటికి ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణము వచ్చెను. అది దాదాపు 7000 అడుగుల యెత్తున పైను చెట్ల నడుమ నున్నది. ఊరికి ఉత్తరమున 12,633 అడుగుల హంఫ్రీస్ శిఖరము మంచు కప్పుకొని నిలిచియుండెను. 1930లో క్లైడ్ టాంబా అను యువకుడు ప్లూటోను కనుగొన్న లోవెల్ నక్షత్రశాల ఈ యూరిలోనిదే. అచ్చటినుండి పడమరగా విలియమ్స్ అను చిన్న పట్టణము మీదుగా ఉత్తరమునకు తిరిగితిమి. ఆ పట్టణమునుండి లోయ అంచువరకు 1901 నుండియు రైలుమార్గ మున్నది. ఇరువంక లను మంచు పలుచగా పరచియుండెను. సాయంకాలము నాలుగు గంటలకు లోయ దక్షిణపుటంచు చేరితిమి. ఉత్తరపుటంచు ఇంకను ఎత్తైనది; చలికాలమున దానిని మూసివేయుదురు. దక్షిణపుటంచు సంవత్సరమంతయు తెరచియే యుండును.

లోయను తొలిసారి చూచినప్పుడు మాలో ఎవ్వరికిని మాట రాలేదు. పొడవు 277 మైళ్ళు. లోతు ఒక మైలు. కొన్నిచోట్ల వెడల్పు 18 మైళ్ళు. ఎఱ్ఱని, పసుపుపచ్చని, ఊదావన్నె రాతిపొరలు ఒకదాని క్రింద నొకటిగా దిగిపోయి, అడుగున కొలరాడో నది యొక దారపుపోగువలె కానవచ్చెను. లోయ నడుమ గుడిగోపురములవలె నిలిచిన శిలాశిఖరములకు పందొమ్మిదవ శతాబ్దిలో క్లారెన్స్ డటన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు మన దేవతల పేర్లు పెట్టెను. ఒకటి విష్ణ్వాలయము, ఒకటి శివాలయము. అడుగున నున్న అతి ప్రాచీనమైన రాతికిని విష్ణువు పేరే వచ్చినది. ఆ మాట విని మావారు అప్రయత్నముగా చేతులు జోడించిరి. ప్రొద్దు గ్రుంకెను. అంతవరకు లేని చలి ఎవరో తలుపు తీసి లోపలికి విడిచినట్లు ఒక్కసారిగా వచ్చి పడెను.

మేము దిగినది ట్రెయిలర్ విలేజి అను విడిది. ఆ దక్షిణపుటంచు గ్రామములో మోటారు ఇండ్లకు కరెంటు, నీరు, మురుగునీటి దారి మూడును గల చోటు అది. ప్రక్కనే చెట్లనడుమ మేథర్ విడిది యున్నది గాని అక్కడ కరెంటు లేదు. ప్రతి బండికిని ఎదుట నొక స్తంభము, దానికొక ప్లగ్గుపెట్టె. అల్లుడుగారు బండి లావుపాటి తీగను అందు బిగించి, నీటిగొట్టమును కొళాయికి తగిలించి లోపలికి వచ్చిరి. పంకా హీటరును ముందుభాగమున, గోడపై థర్మోస్టాటు ఉన్నచోటనే దాని క్రింద నుంచితిమి. నూనె హీటరును వెనుకగదిలో పసివాని పడకకు దూరముగా నుంచితిమి. అచ్చటి ప్లగ్గు అందలేదు. సామానులో నున్న యొక సన్నని ఎక్స్‌టెన్షను తీగను తీసి తగిలించితిమి. ఫర్నేసును 10 డిగ్రీలకు తగ్గించి, అది వెలుగవలసిన యవసరమే రాదని నిశ్చింతగా నుంటిమి.

పావుగంటలో గది హాయిగా వెచ్చనాయెను. మేము బియ్యము కడిగి విద్యుత్ కుక్కరులో పోసి మీట నొక్కితిమి. కొన్ని నిమిషములు గడచెను. ఉన్నట్లుండి దీపము లారిపోయినవి, పంకా ఆగినది, అన్నపు కుక్కరు మూగవోయినది. పసివాడు చీకటికి కెవ్వుమనెను.

“అత్తయ్యగారూ, కుక్కరు పెట్టినారా?” అని అల్లుడుగారు చీకటిలోనుండి అడిగిరి.

“పెట్టితిమి బాబూ. అన్నము వండుకొనుటయు తప్పేనా?” అంటిమి.

వారు నవ్వి, బయటికి పోయి బ్రేకరును తిరిగి పైకెత్తి వచ్చి, కాగితముపై లెక్కవేసి చూపిరి. ఆ దేశపు కరెంటు 120 వోల్టులు. మా బండి తీగ 30 ఆంపియర్లు మాత్రమే మోయగలది. రెండింటిని గుణించినచో 3600 వాట్లు. రెండు హీటర్లకే 3000 వాట్లు పోయినవి. శీతలపెట్టెయు, బ్యాటరీని నింపు యంత్రమును కొంత త్రాగుచున్నవి. ఇక మిగిలినది కుక్కరునకు చాలదు. మించినప్పుడు బ్రేకరు పడిపోయి తీగను కాపాడును. కొన్ని పెద్ద బండ్లకు 50 ఆంపియర్ల తీగ యుండును. అది రెండు పాయలుగా వచ్చుటచే 12,000 వాట్లవరకు ఇచ్చునట. మావంటి చిన్నబండికి ఆ భాగ్యము లేదు. ఇంటి ఖర్చును నెలజీతమునకు సరిపెట్టు ఇల్లాలికి ఈ లెక్క కొత్తది కాదు. అన్నము ఉడుకునంతసేపు ఒక హీటరును ఆర్పితిమి. ఆ యెత్తున నీరు 93 డిగ్రీలకే మరగుటచే పప్పు ఎంతకును ఉడుకలేదు. దానిని గ్యాసుపై ప్రెషరు కుక్కరులో వండుకొనవలసి వచ్చెను.

ఇందు మరియొక చిక్కున్నది. మన దేశమున కరెంటు 230 వోల్టులు. 1500 వాట్ల హీటరు మన యింటిలో ఆరున్నర ఆంపియర్లు లాగును. అదే వేడికి అక్కడ పన్నెండున్నర ఆంపియర్లు కావలెను. తీగ కాగుటయు, ప్లగ్గు కాగుటయు ఈ ఆంపియర్లను బట్టియే. ఇవి రెండింతలైనచో అక్కడ పుట్టు వేడి నాలుగింతలగును. మన యింట పనికివచ్చిన సన్నని తీగ అక్కడను పనికివచ్చునని అనుకొనుటలోనే మా మొదటి పొరపాటు జరిగెను.

రాత్రి రెండు గంటలవేళ మాకు మెలకువ వచ్చెను. ఏదో వాసన. రబ్బరు కాలినట్లు, కొంచెము చేపవంటి నీచు కలిసినట్లు ఉండెను. ముందు కల యనుకొంటిమి. తరువాత లేచి చేయి చాపి ఆ ఎక్స్‌టెన్షను తీగ కొనను ముట్టుకొనగా చుఱ్ఱున కాలెను. దీపము వేసి చూడగా తెల్లని ప్లగ్గు గోధుమరంగుకు తిరిగి, ఒక ప్రక్క మెత్తబడి వంగియుండెను. అది పడియున్న చోటు పసివాని దుప్పటికి జేనెడు దూరము. వానిని దూరముగానే పండుకొనబెట్టితిమి గాని, నిద్రలో వాడు దుప్పటిని తన్ని దానిమీదికి నెట్టియుండెను. అల్లుడుగారిని లేపి కరెంటు ఆపించి, తీగను తీసివేసి, వెనుకగది తలుపు మూసి, అయిదుగురమును ముందుభాగముననే ఒకరినొకరు ఒరసికొని పండుకొంటిమి. బ్రేకరు ఎందుకు పడలేదని మా అమ్మాయి వణకుచు అడిగెను. ఆ తీగ మోసిన కరెంటు బ్రేకరు హద్దును దాటలేదు. తీగకే ఆ హద్దు ఎక్కువైనది. ఆ తేడా బ్రేకరునకు తెలియదు.

మాకు తరువాత నిద్ర పట్టలేదు. మా చిన్ననాటి పురిటిల్లు జ్ఞాపకమునకు వచ్చెను. బాలింతరాలి మంచము క్రింద బొగ్గుల కుంపటి పెట్టెడివారు. మా తాతమ్మ ఆ కుంపటి దగ్గర నుండి కదలెడిది కాదు. ఎంత చలియైనను కిటికీ రెక్క యొకటి తెరచియే యుంచెడిది. నిద్రపోవుటకుముందు కుంపటిని వాకిటిలో పెట్టెడిది. మూసిన గదిలో బొగ్గు కాలినచో పుట్టు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. ఆమెకు ఆ పేరు తెలియదు. కాని నిప్పును నిప్పుగా నెరుగును. విద్యుత్ హీటరు అట్టి వాయువును పుట్టింపదు, నిజమే. మంటయు పొగయు కానరాకపోవుటచేతనే దానిని మేము నిప్పని తలపలేదు. తాతమ్మ కుంపటికి చూపిన జాగ్రత్తలో సగమైనను చూపక, దుప్పట్ల ప్రక్కను పెట్టి నిద్రపోయితిమి.

తెల్లవారెను. బయట సున్నకు దిగువన 11 డిగ్రీలు. కిటికీ అద్దములపై లోపలివైపుననే నీరు కారి, అంచులలో మంచుగా పేరుకొనియుండెను. అయిదుగురి ఊపిరిలోని తేమయే అది. పసివానికి పాలసీసా కడుగుదమని కొళాయి త్రిప్పితిమి. చుస్సుమని ఒక నిట్టూర్పు విడిచి ఊరకుండెను. అల్లుడుగారు బయటికి పోయి చూడగా, స్తంభమునుండి వచ్చు నీటిగొట్టము కఱ్ఱవలె బిగిసియుండెను. బండి తొట్టిలోని నీటిని పైకి తెచ్చు పంపును వేసిరి. పంపు గురగురలాడెను గాని చుక్క రాలేదు. నేలక్రింది గొట్టములోనే ఎక్కడనో నీరు గడ్డకట్టినదని తెలిసెను. నీరు మంచుగా మారునప్పుడు పరిమాణములో దాదాపు నూటికి 9 వంతులు పెరుగును. గొట్టము దానికి చోటీయలేక పగులును. అద్దె బండి! గొట్టము పగిలినచో దాని వెల యెంతయగునో అని మావారి ముఖము వెలవెలపోయెను.

మా ప్రక్క బండిలో ఒక వృద్ధురాలు ఒంటరిగా నుండెను. భర్త పోయిన తరువాత ఇల్లమ్మివేసి, సంవత్సరమంతయు ఆ బండిలోనే తిరుగుచున్నదట. మా హడావుడి చూచి కోటు తొడిగికొని వచ్చెను. లోపలికి రాగానే ఆమె చూచినది హీటరును కాదు, గోడమీది థర్మోస్టాటును.

“రాత్రి మీ ఫర్నేసు ఎన్నిసార్లు వెలిగినది?” అని అడిగెను.

ఒక్కసారియు వెలుగలేదంటిమి, కొంచెము గర్వముగానే.

ఆమె తల పంకించి చెప్పిన మాటలను అల్లుడుగారు మాకు తెలుగున వినిపించిరి. ఇట్టి బండ్లలో చాలవరకు ఫర్నేసు వేడిగాలి గదిలోనికే కాక, నేలక్రింద తొట్లును గొట్టములును ఉన్న అరలోనికిని కొంత పోవునట్లు అమర్చుదురు. అది వెలిగిననే ఆ నీరు కాపాడబడును. మేము హీటరును థర్మోస్టాటు క్రిందనే పెట్టితిమి. దానికి తగులు వెచ్చదనమును చూచి ఇల్లంతయు వెచ్చగా నున్నదని అది భ్రమించెను. ఫర్నేసును లేపలేదు. మీరు మీ చలి పోగొట్టుకొన్నారు గాని ఇంటి చలి పోగొట్టలేదు, అని ఆమె యనెను.

ఆమె చెప్పినట్లే చేసితిమి. ఫర్నేసును హెచ్చించి వెలిగించితిమి. తొట్టిక్రింది అలమరల తలుపులన్నియు తెరచి వేడిగాలి లోనికి పోవునట్లు చేసితిమి. గొట్టము కానవచ్చినచోట మా అమ్మాయి తలవెండ్రుకలు ఆరబెట్టుకొను యంత్రముతో మెల్లగా కాచితిమి. మంటను మాత్రము దగ్గరికి తీసికొనిపోవలదని ఆమె మరిమరి హెచ్చరించెను. కొళాయిని తెరచియే యుంచితిమి. రెండు గంటలు గడచునప్పటికి కొళాయి దగ్గెను; కొంచెము నీరు ఉమిసెను; పిదప సన్నని ధార వచ్చెను. గొట్టము పగులలేదు. మావారు ఆ నీటిని దోసిట పట్టి కన్నుల కద్దుకొనిరి.

అంతలో మా అమ్మాయి పాలు వేడిచేయుచు, గ్యాసు పొయ్యి వెలిగించి యుంచినచో గది త్వరగా వెచ్చనగునుగదా యనెను. వృద్ధురాలు వెంటనే వలదనెను. ఫర్నేసువలె పొయ్యికి బయటికి పోవు పొగగొట్టము లేదు. దాని వాయువులు గదిలోనే నిలుచును. పైగా ఆ గ్యాసు కాలినప్పుడు తన బరువునకు ఒకటిన్నర రెట్లకు మించిన నీటియావిరిని పుట్టించును. ఆ తేమ యంతయు కిటికీలను, గోడలను, పరుపులను పట్టుకొనును. గోడకు తగిలించిన పొగ హెచ్చరికపెట్టెను, విషవాయువు హెచ్చరికపెట్టెను నొక్కి, అవి కూతపెట్టునో లేదో మా యెదుటనే పరీక్షించి చూచి ఆమె తన బండికి పోయెను. పోవునప్పుడు మేమిచ్చిన జంతికలను మాత్రము కాదనక తీసికొనెను.

ఆ దినము తూర్పుగా లోయ అంచు వెంబడి పోయితిమి. డెజర్ట్ వ్యూ అనుచోట మేరీ కోల్టర్ అను స్త్రీ రూపకల్పన చేయగా 1932లో కట్టిన రాతిబురుజు ఉన్నది. దాని యెత్తు 70 అడుగులు. ఒక స్త్రీ ఆ కాలమున అంతటి కట్టడములకు శిల్పియై నిలుచుట మాకు ఆశ్చర్యమును ఆనందమును కలిగించెను. దానికి కొంచెము ఇవతల దాదాపు 1185వ సంవత్సరమున ఆదిమవాసులు కట్టుకొన్న యొక పల్లెశిథిలములున్నవి. చిన్నచిన్న రాతిగదులు, ఇప్పుడు మోకాలెత్తు గోడలే మిగిలినవి. ముప్పదిమందివరకు అచ్చట ఇరువది యేండ్లపాటు కాపురముండిరని చెప్పుదురు. ఈ చలిలో, ఇంతటి మంచులో, వారి తల్లులును పసివాండ్రను ఒడిలో పెట్టుకొని తెల్లవారుటకై యెదురుచూచియుందురు గదా యని మేము కొంతసేపు అక్కడనే నిలిచితిమి. గదులు చిన్నవి, గోడలు దళసరివి. మా బండి గోడలు రెండంగుళములైనను లేవు. ఎంత వేడి పుట్టించినను నిలుపలేని గోడల నడుమ, ఎంత పుట్టించితిమి అను లెక్కకంటె, పోవుదారులను మూసితిమా అను లెక్కయే ముఖ్యమని అక్కడ తోచెను.

కావున రెండవ రాత్రి పనిని వేరువిధముగా దిద్దుకొంటిమి. ఎండ తగులునట్లు బండి ముందుటద్దమును దక్షిణమునకు త్రిప్పి నిలిపితిమి. ప్రొద్దు గ్రుంకగానే అద్దములకు దళసరి తెరలు కట్టి, డ్రైవరు కూర్చుండుచోటికిని మాకును నడుమ కంబళి వ్రేలాడదీసితిమి. తలుపు సందులో తువ్వాలు కుక్కితిమి. పైకప్పు గాలికిటికీని మాత్రము ఒక వ్రేలెడు తెరచి తేమకు దారి యిచ్చితిమి. మంచినీటి తొట్టిని పగలే నింపుకొని, బయటి గొట్టమును విప్పి, నీరు వంపి, చుట్టి లోపల పెట్టితిమి. థర్మోస్టాటును 16 డిగ్రీలకు పెట్టి, ఫర్నేసునకే ఇంటి భారమును అప్పగించితిమి. నూనె హీటరును థర్మోస్టాటునకు దూరముగా, బండి గోడలోని ప్లగ్గునకే నేరుగా తగిలించి, సగము వేడికి, అనగా 750 వాట్లకు తగ్గించితిమి. దాని చుట్టును మూడడుగులవరకు గుడ్డముక్క యుండకుండ చూచితిమి. అందరును మేలుకొనియున్నంతసేపే దానిని ఉంచి, పండుకొనునప్పుడు ప్లగ్గు ఊడదీసి, అది చల్లారినదాకా చూచి దీపమార్పితిమి.

అల్లుడుగారు ఇంకొక లెక్కయు చెప్పిరి. 1500 వాట్ల హీటరు గంటకు ఐదువేల పైచిలుకు బి.టి.యు.ల వేడిని ఇచ్చును. పంకాదైనను, నూనెదైనను, వెలయెక్కువదైనను, తక్కువదైనను వాట్లొకటే యైనచో పుట్టు వేడి యొక్కటే. ఆ బండి ఫర్నేసుపై 30,000 అని వ్రాసియుండెను. అందు కొంత పొగవెంట బయటికి పోయినను నాలుగైదు హీటర్ల పెట్టు. మా 30 ఆంపియర్ల తీగపై రెండు హీటర్లకు మించి నడువవు. ఇక వానితో ఆ చలిని ఎట్లు గెలువగలము? హీటరు ఇంటికి సాయము చేయుటకు పనికివచ్చును. ఇంటిని మోయుటకు పనికిరాదు.

ఆ రాత్రి ఫర్నేసు గంటకు రెండు మూడుసార్లు హోరుమని వెలిగెను. మేము ఉలికిపడి ప్రతిసారియు పసివానివైపు చూచుచుంటిమి. వాడు ఒక్కసారియు కదలలేదు. ఏ హోరు వానిని నిద్రలేపునని భయపడి మేము ఇంత యంతయు చేసితిమో, ఆ హోరునకే జోలపాట విన్నట్లు పిడికిళ్ళు బిగించి నిద్రపోయెను. నిద్ర పట్టనిది మాకే. తెల్లవారుజామున లేచి, చలికి భయపడుచునే కొళాయి త్రిప్పితిమి. నీరు వచ్చెను. ఆ నీటితో కాఫీ కాచి, ప్రక్కబండి పెద్దమ్మకొక గ్లాసు ఇచ్చి వచ్చితిమి. మూడవ రాత్రియు అట్లే సుఖముగా గడచెను.

నాలుగవనాడు కొండ దిగితిమి. మంచు పోయెను, పైనుచెట్లు పోయినవి, మరల సగ్వారోలు చేతులెత్తి ఎదురువచ్చెను. కాలిన ఆ ప్లగ్గును మా అమ్మాయి పారవేయలేదు. వంటయింటి సొరుగులో పెట్టుకొన్నది.

మన పిల్లలు దూరదేశములలో కాపురముండుటచే, ఇట్టి ప్రయాణములు ఇప్పుడు మనవంటివారికిని తటస్థించుచున్నవి. అరకు, లంబసింగి, కాశ్మీరు పోయి చలికి గదిలో హీటరు పెట్టుకొను సోదరీమణులును కలరు. వారికి మేము చెప్పునది కొంచెమే. హీటరును సన్నని తీగకు తగిలింపకుడు. గోడ ప్లగ్గునకే తగిలింపుడు. ప్లగ్గును అప్పుడప్పుడు చేతితో ముట్టి చూడుడు; చేతికి వేడిగా తగిలినచో వెంటనే ఆపుడు. గుడ్డలను మూడడుగుల దూరమున నుంచుడు. నిద్రపోవునప్పుడు ఆర్పుడు. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో ఎన్నడును ఉంచకుడు. మీకు వెచ్చగా తోచినంతనే తృప్తిపడక, ఆ వెచ్చదనము చేరని మూల యింట ఎక్కడ నున్నదో లేచి ఒకసారి చూచి రండు. మేమారాత్రి అట్లు చూచియుండినచో, ఆ రెండు గంటలవేళ అంతటి భయము పడియుండము.